బూటు జారిందన్న మాట

మా ఓల్డెన్ హైస్కూలు జిమ్ గోడకు ఒక చెక్క పలక ఉండేది. దాని మీద ముప్పై ఒక్క మంది ఆడపిల్లల పేర్లు, పక్కన వాళ్లు వేసిన పాయింట్లు. అందరికంటే పైన వెర్లీన్ హోగెస్ట్రాట్, రెండు వేల తొమ్మిది వందల పద్నాలుగు. మా అమ్మమ్మ ఆర్లిస్ టియాడెన్ పేరు ఆ పలక మీద ఎంత వెతికినా దొరకదు. ఆమె ఈ స్కూలుకు నాలుగేళ్లు బాస్కెట్‌బాల్ ఆడింది. జ్వరం వచ్చినా ఒక్క మ్యాచ్ మానలేదు. తర్వాత కాలేజీకి నాలుగేళ్లు ఆడింది. ఆ తర్వాత జీతం తీసుకుని మూడేళ్లు ఆడింది, మా జిల్లాలో ఆ పని చేసిన ఆడది మరొకతె లేదు. హైస్కూల్లో ఆమె పాయింట్లు మొత్తం సున్నా. నేను పదకొండో తరగతితో చదువు ఆపేసిన దాన్నే అయినా ఈ లెక్క మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

అమ్మమ్మ గార్డు. ఆ రోజుల్లో మా అయోవా రాష్ట్రంలో ఆడపిల్లల జట్టుకు ఆరుగురు. ముగ్గురు ఫార్వర్డులు కోర్టులో ఒక సగంలో ఉంటారు, ముగ్గురు గార్డులు రెండో సగంలో. నడుమ గీత. బుట్టలో వేసేది ఫార్వర్డులు. అవతలి జట్టు వాళ్లను వేయనివ్వకుండా అడ్డుకునేది గార్డులు. బంతి చిక్కితే నేలకు రెండు సార్లు కొట్టవచ్చు, మూడోసారి కొట్టకూడదు. గార్డు బంతి లాక్కుని గీత దాకా వచ్చి, అవతల ఉన్న తన ఫార్వర్డుకు విసిరి, అక్కడే నిలబడి చూడాలి. గీత దాటితే విజిల్. అమ్మమ్మ ఆ నాలుగేళ్లూ గీతకు ఇవతలే గడిపింది, ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారి గురించే ఆమెకూ వెర్లీన్ బామ్మకూ యాభై రెండేళ్లు మాటలు లేవు.

నిజానికి వాళ్లిద్దరూ ప్రాణ స్నేహితులు. పొలాలు పక్కపక్కనే, చర్చిలో ఒకటే బెంచీ, స్కూలు బస్సులో ఒకటే సీటు. అమ్మమ్మ బంతి లాక్కునేది, గీత మీదుగా విసిరేది, వెర్లీన్ బుట్టలో వేసేది. పలక మీదున్న ఆ రెండు వేల చిల్లర పాయింట్లలో సగానికి సగం అమ్మమ్మ చేతుల మీదుగా వెళ్లినవే. పలక మీద ఆ సంగతి రాయలేదు.

డెబ్బై మూడో సంవత్సరం మార్చిలో ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే రాష్ట్ర రాజధాని డెమోయిన్ వెళతారు. డెమోయిన్‌లో రాష్ట్ర పోటీలంటే ఊళ్లకు ఊళ్లు తలుపులు వేసుకుని బయల్దేరేవి. పాలు పితకడానికి ఇంటికొకరిని వదిలితే, ఆ వదిలిన వాళ్లు ఏడాదంతా ముఖం ముడుచుకునేవాళ్లు. ఆ వారమే అమ్మమ్మ బూట్ల అడుగులు అరిగిపోయి ఊడి వచ్చాయి. వెర్లీన్‌కు అప్పుడే వాళ్ల నాన్న కొత్త తెల్ల కాన్వాస్ బూట్లు కొన్నాడు. ఆమె వాటిని డబ్బాతో సహా తెచ్చి అమ్మమ్మ ఒళ్లో పెట్టింది. "నేను నిలబడి వేసేదాన్ని, పాతవి చాలు. పరిగెత్తేదానివి నువ్వు. తొడుక్కో," అంది.

మ్యాచ్ ముగియడానికి ఎనిమిది సెకన్లు ఉండగా మా వాళ్లు ఒక్క పాయింటు వెనక ఉన్నారు. అవతలి పిల్ల చేతిలోంచి అమ్మమ్మ బంతి కాజేసింది. ఒకసారి కొట్టింది, రెండుసార్లు కొట్టింది, గీత దగ్గరికి వచ్చి విసిరింది. వెర్లీన్ పట్టుకుంది, తిరిగింది, వేసింది. పడింది. ఓల్డెన్ జనమంతా లేచి నిలబడ్డారు. గీత పక్కన రిఫరీ మాత్రం చెయ్యెత్తి ఉన్నాడు. బంతి చేతిలోంచి పోకముందే అమ్మమ్మ కుడికాలు గీతకు అవతల పడింది. ఆ పాయింట్లు చెల్లలేదు. డెమోయిన్ అవతలి జట్టు వెళ్లింది.

బట్టలు మార్చుకునే గదిలో పిల్లలంతా ఏడుస్తున్నారు. కోచ్ వచ్చి, "ఏమైంది ఆర్లిస్?" అని అడిగాడు.

"బూటు జారిందండీ," అంది అమ్మమ్మ.

బూట్ల తాళ్లు విప్పుకుంటున్న వెర్లీన్ తలెత్తింది. "ఏ బూటు?"

"నువ్విచ్చిందే."

అంతే. ఆ ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. వెర్లీన్ బామ్మకు ఓడిపోయినందుకు కోపం లేదు. ఆ సంగతి నాకే ఎన్నోసార్లు చెప్పింది. "ఓడటం ఎవరికి లేదే? నా కొత్త బూట్లు ఇస్తే, వాటి మీదే నింద వేసింది. ఆ రబ్బరు గోడెక్కమన్నా ఎక్కేది. జారిందట, జారింది."

దేవుడు కూడా నాలాగే కొంటెవాడు. మరుసటి ఏడాదే వెర్లీన్‌ను అమ్మమ్మ అన్నయ్య హార్మ్‌కు ఇచ్చి పెళ్లి చేశాడు. చర్చిలో పెళ్లికూతురి పక్కన అమ్మమ్మ పూలు పట్టుకుని నిలబడింది, నోరు విప్పలేదు. ఆ రోజు నుంచి వెర్లీన్ ఆమెకు వదిన. ఒక్కసారి కూడా వదినా అని పిలవలేదు. పండగకూ పబ్బానికీ ఒకటే బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. కబుర్లు చేరవేయడానికి మొదట్లో హార్మ్ తాతయ్య ఉండేవాడు. ఆయన చెవులు మందగించాక మా అమ్మకు పడింది ఆ పని. తర్వాత నాకు.

"రీకా, ఆ దోసకాయ ఊరగాయ ఇటివ్వమని మీ అమ్మమ్మతో చెప్పు," అంటుంది వెర్లీన్ బామ్మ. సీసా అమ్మమ్మ మోచేతికి ఆనుకునే ఉంటుంది.

"సీసాకు కాళ్లు లేవని చెప్పవే," అంటుంది అమ్మమ్మ.

"లేకపోవడమే మంచిదైంది. ఉంటే జారాయనేవాళ్లు ఈ ఇంట్లో, అని చెప్పు."

"చెప్పక్కర్లేదులే, వినపడింది అని చెప్పు."

హార్మ్ తాతయ్య చెవి మిషను తీసి కంచం పక్కన పెట్టుకుని ప్రశాంతంగా పంది మాంసం కోసుకుంటాడు.

అమ్మమ్మ కాలేజీకి వెళ్లింది కూడా బంతి పుణ్యమే. నది పక్కన ఉన్న టీచర్ల కాలేజీ వాళ్లు ఆమె అడ్డుకోవడం చూసి పిలిచారు. అక్కడ ఆట వేరు. జట్టుకు అయిదుగురు, అందరూ కోర్టంతా తిరగవచ్చు. మొదటి మ్యాచ్‌లో అమ్మమ్మ బంతి లాక్కుంది. ముందు ఒక్కరూ లేరు, కోర్టంతా ఖాళీ. పరిగెత్తుకుంటూ నడిమి గీత దాకా వెళ్లి టక్కున ఆగింది. తమాషా ఏమిటంటే, ఆమెను తరుముకుంటూ వస్తున్న అవతలి జట్టు పిల్ల కూడా గీత దగ్గర టక్కున ఆగింది. ఆ పిల్లదీ అయోవానే, మా పక్క జిల్లా. కంచెకు ఇటూ అటూ నిలబడి కబుర్లాడే ఇరుగుపొరుగు వాళ్లలా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారట. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

కోచ్ మిస్ డాల్‌క్విస్ట్‌ది ఒహాయో రాష్ట్రం, మా గీత ఆట ఎరగదు. ఆమెకు నవ్వు రాలేదు.

"అక్కడ ఏముంది ఆర్లిస్, గొయ్యా?"

"గీతండీ."

"దాన్ని దాటొచ్చు."

"తెలుసండీ."

"తెలిసి ఆగితే ఎలా? క్రిస్మస్ సెలవులయ్యేదాకా చూస్తాను. అప్పటికీ దాటకపోతే నీ చోటు ఇంకొకరికిస్తా."

సెలవులకు ఇంటికొచ్చి ఈ మాట చెప్తే, వాళ్ల నాన్న ఉబ్బె టియాడెన్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆయన బంతి ముట్టిన మనిషి కాదు. పందుల కొట్టంలో నేల మీద అడ్డంగా ఒక సున్నపు గీత గీశాడు. దాణా గీతకు ఇటు, పందులు అటు. అమ్మమ్మ రెండు చేతులకూ రెండు బకెట్లు తగిలించాడు. "నువ్వు ఆగితే నాకేం పోదు. వాటికే ఆకలి," అన్నాడు. రోజుకు రెండు పూటలు, మూడు వారాలు మోసింది. రెండో వారంలో ఒక బకెట్టు తీసేసి ఆ చేతికి బంతి ఇచ్చాడు. మూడో వారంలో రెండో బకెట్టూ తీసేశాడు. పందులు ఆ బంతి చూసి మోసపోయామని అరిచాయట.

"బకెట్లుంటే నేల కనపడదే," అని అమ్మమ్మ నాకు చెప్పేది. "కింద చూడకపోతే దాటేస్తాం. చూశామా, ఆగిపోతాం."

దాటడం వచ్చింది కానీ ఆగడం పూర్తిగా పోలేదు. గీత దగ్గర ఒక్క రెప్పపాటు ఆగి, అప్పుడు దాటేది. కాలేజీలో నాలుగేళ్లూ అంతే.

తర్వాత ఆడవాళ్లకు జీతాల ఆట ఒకటి మొదలైంది. ఇలినాయ్‌లో ప్రెయిరీ లార్క్స్ అనే జట్టు అమ్మమ్మను తీసుకుంది. మూడు చలికాలాలు ఆడింది. ఫొటోల్లో పసుపు శాటిన్ నిక్కరులో కోడిపిల్లలా ఉంటుంది. ఆ మాటంటే ఇప్పటికీ చెంచాతో కొట్టబోతుంది. వాళ్ల బస్సులో వేడి మిషను పని చేసేది కాదు. చేతులకు మేజోళ్లు తొడుక్కుని పేకాట ఆడుకునేవాళ్లు. ఒకసారి పశువుల సంతకు కట్టిన హాల్లో ఆట పెట్టారు. పొద్దున్నే అక్కడ పందుల పోటీ జరిగింది. జట్టులోని పట్నం అమ్మాయిలు ముక్కులు మూసుకుంటే, అమ్మమ్మకు మాత్రం ఇల్లు గుర్తొచ్చి హాయిగా ఆడిందట.

ఆ రోజుల్లో అందరికంటే ఎక్కువ పాయింట్లు వేసేది ఒడెస్సా రట్లెజ్ అనే జార్జియా అమ్మాయి. ఆరడుగుల రెండంగుళాలు. ఒక మ్యాచ్‌లో ఆమెను అడ్డుకునే పని అమ్మమ్మకు అప్పగించారు. ఒడెస్సా ఆ రోజు వేసింది నాలుగు పాయింట్లు. మర్నాడు పేపరు వాడు ఒడెస్సాకు ఒంట్లో బాగాలేదేమో అని రాశాడు. అమ్మమ్మ పేరే రాయలేదు. ఆట అయ్యాక ఒడెస్సా వచ్చి, "అక్కా, నాకు ఒంట్లో బానే ఉంది. నువ్వు మళ్లీ ఎప్పుడొస్తావో చెప్పు, ఆ రోజు నేను రాను," అందట. ఆ మాటే అమ్మమ్మకు బిరుదు. గార్డు పని అలాంటిది. జరగనివ్వని దాన్ని ఏ పలక మీదా రాయరు.

ఎనభై ఒకటిలో ఆ జీతాల ఆట మూతపడింది. అమ్మమ్మ పాడైన మోకాలితో ఓల్డెన్ తిరిగొచ్చింది, పెళ్లి చేసుకుంది, మా అమ్మను కంది, స్కూలు బస్సు నడిపింది. స్కూలు బస్సు రైలు పట్టాల దగ్గర ఆగి, తలుపు తెరిచి, అటూ ఇటూ చూసి అప్పుడు దాటాలని చట్టం. ఆ ఉద్యోగానికే పుట్టిందని ఊరంతా అనేవాళ్లు. తొంభై మూడులో ఆరుగురి ఆట ఆగిపోయేదాకా సాయంత్రాలు గార్డు పిల్లలకు నేర్పింది. వెర్లీన్ బామ్మ ఫార్వర్డులకు నేర్పింది. ఒకటే జిమ్, ఒకటే జట్టు, నడుమ గీత. పిల్లలే కబుర్లు మోసేవాళ్లు.

నా చిన్నప్పుడు ఎన్నోసార్లు అడిగాను. "అమ్మమ్మా, బూటు నిజంగా జారిందా?" ఆమె కప్పులో పటికబెల్లం వేసి, మీద వేడి టీ పోసి, నా చెవి దగ్గర పెట్టేది. "విను, ఎలా చిట్లుతోందో," అనేది. నేను వినేదాన్ని. అడిగింది మర్చిపోయేదాన్ని.

నిరుడు మా స్కూలును పక్కూరి స్కూల్లో కలిపేశారు. జూన్‌లో జిమ్ కూల్చేస్తామన్నారు. కూల్చే ముందు పాత పద్ధతిలో చివరి ఆట ఒకటి పెట్టాలని ఊళ్లో వాళ్లు అనుకున్నారు. అరవై దాటిన ఆడవాళ్లు, ఆరుగురూ ఆరుగురూ, మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం.

వెర్లీన్ బామ్మ నన్ను పిలిచింది. "మీ అమ్మమ్మను రమ్మను. నాకు బంతి విసిరేవాళ్లు కావాలి. మిగతావాళ్లు బంతిని ఎలకను పట్టుకున్నట్టు పట్టుకుంటున్నారు."

అమ్మమ్మకు చెప్పాను. "బూట్లు జారతాయేమోనని భయంగా ఉందని చెప్పు," అంది.

ఆ మాట మోసుకెళ్లాను.  "అయితే ఉత్తకాళ్లతో రమ్మను," అంది వెర్లీన్ బామ్మ. గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

ఆటకు ముందు రోజు అమ్మమ్మ వెనక వసారాలో బల్ల కిందనుంచి ఒక డబ్బా లాగింది. అందులో ఆ తెల్ల బూట్లు. యాభై రెండేళ్లుగా వాటిని తిరిగివ్వలేదు, పారేయలేదు. నేను ఒకటి తిరగేసి చూశాను. రబ్బరు పెళుసైపోయింది కానీ గాట్లు ఇంకా లోతుగానే ఉన్నాయి.

"ఇవి ఎలా జారాయి అమ్మమ్మా?"

ఈసారి చేతిలో టీ కప్పు లేదు.

"జారలేదే," అంది. "నాలుగేళ్లు దానికి బంతి అందించా. అది వేసిన బంతి బుట్టలో పడటం చూసింది ఎప్పుడూ సగం కోర్టు దూరం నుంచే. దాని వీపు కనపడేది, అంతే. ఆ రోజు దగ్గర్నుంచి చూడాలనిపించింది. ఒక్క అడుగు. కాలు దానంతటదే వెళ్లింది."

"మరి బూటన్నావేం?"

"పదిహేడేళ్లు నాకు. అందరూ ఏడుస్తున్నారు. నోటికి ఆ మాట దొరికింది. తర్వాత మింగలేకపోయా."

"ఇప్పుడు చెప్పు మరి."

"నువ్వు చెప్పవే. నువ్వేగా మోసేది."

"నేను మోయను. ఇది ఊరగాయ సీసా కాదు."

ఆమె నావైపు కోపంగా చూసింది. నేనూ చూశాను. బూట్లు డబ్బాలో పెట్టి మూత వేసింది. "జిమ్ కూల్చేది ఎప్పుడన్నారు?" అని అడిగింది. జూన్ ఒకటి అన్నాను. "అయితే చెప్పేది రేపే," అంది తనలో తాను.

శనివారం జిమ్ నిండిపోయింది. నేను గీత పక్కనే బల్ల దగ్గర కూర్చుని పాయింట్ల అంకెలు తిప్పుతున్నాను. రిఫరీ పాతికేళ్ల కుర్రాడు. పాత రూల్సు పొద్దున్నే కాగితం మీద చదువుకుని వచ్చాడు. అమ్మమ్మ మోకాళ్లకు రెండు పట్టీలు. వెర్లీన్ బామ్మ తుంటికి కొత్త కీలు. ఆట సంగతి చెప్పకపోవడమే మర్యాద. ఇరవై నిమిషాల్లో రెండు జట్లూ కలిసి తొమ్మిది పాయింట్లు వేశాయి, మంచినీళ్లకు ఆరుసార్లు ఆగాయి. ఆ ఇరవై నిమిషాల్లో అమ్మమ్మ వెర్లీన్ బామ్మకు పదిసార్లు బంతి విసిరింది. ఒక్క మాట కూడా విసరలేదు. 

చివరి నిమిషంలో అవతలి ఫార్వర్డు చేతిలోంచి బంతి జారి దొర్లింది. అమ్మమ్మ వంగి అందుకుంది. ఒకసారి కొట్టింది. రెండుసార్లు. గీత దగ్గర ఆగింది. అవతల వెర్లీన్ బామ్మ చేతులు చాపి నిలబడి ఉంది. అమ్మమ్మ బంతి విసరలేదు. పొట్టకు అదుముకుని నిలబడింది.

"బూటు జారలేదు వదినా," అంది.

వెర్లీన్ బామ్మ చేతులు గాలిలోనే ఉన్నాయి. "యాభై రెండేళ్లుగా నేను చెప్తున్నదీ అదేగా. బంతి ఇవ్వు."

"నేనే దాటా. కావాలని."

"ఎందుకు?"

"నువ్వు వేస్తుంటే దగ్గర్నుంచి చూడాలని."

వెర్లీన్ బామ్మ చేతులు కిందకు దిగాయి. జనానికి ఏమీ వినపడటం లేదు. ఇద్దరికీ ఆయాసం వచ్చిందేమోనని ఎవరో కుర్చీలు తెస్తున్నారు. రిఫరీ దగ్గరికొచ్చి, "అమ్మా, ఆడతారా, మాట్లాడుకుంటారా?" అని అడిగాడు.

"నువ్వుండు నాయనా," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఆ మాట ఆ రోజే అనుంటే," అంది వెర్లీన్ బామ్మ, "పోయిన డెమోయిన్ ఎలాగూ పోయింది, నీకు బస్సులో సీటైనా ఆపేదాన్ని కదే." ముక్కు మోచేతితో తుడుచుకుంది. "సరే రా. వచ్చి చూడు."

అమ్మమ్మ గీత దాటింది. రెప్పపాటు కూడా ఆగలేదు. కింద చూడలేదు. విజిల్ మోగింది. రూలు ప్రకారం మోగాల్సిందే. వెర్లీన్ బామ్మ దాన్ని పట్టించుకోకుండా బంతి అందుకుని, బుట్టకేసి తిరిగి, రెండు చేతులతో ఎత్తి వేసింది. అమ్మమ్మ ఆమె భుజం పక్కనే నిలబడి తల ఎత్తి చూసింది. బంతి బుట్టకు రెండడుగుల ముందే కిందపడి బెంచీల కిందకు దొర్లిపోయింది.

వెర్లీన్ బామ్మ అరచేతులు చూసుకుంది. "బంతి జారింది," అంది.

"బంతి జారదు వదినా," అంది అమ్మమ్మ.

ఆట తర్వాత స్కూలు భోజనాల గదిలో అందరికీ పంది మాంసం ఉండలు, బంగాళాదుంపలు, పుల్లటి రేవల్చిన్ని కాడలు కూరి కాల్చిన తీపి రొట్టె పెట్టారు. హార్మ్ తాతయ్య ఈ ఇద్దరి నడుమ నన్ను కూర్చోబెట్టాడు, అలవాటు చొప్పున. చెవి మిషను తీయబోయి, ఇద్దరి ముఖాలూ చూసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"రీకా," అంది వెర్లీన్ బామ్మ, "నా బూట్లు ఎక్కడ పెట్టిందో మీ అమ్మమ్మను..." అని ఆగింది. కుర్చీ వెనక్కి లాగి, నా వీపు వెనకనుంచి వంగి, తనే అడిగింది. "నా బూట్లు ఉన్నాయా, పారేశావా?"

"డబ్బాలోనే ఉన్నాయి."

"రేపు చర్చికి వచ్చేటప్పుడు పట్రా."

"ఉతికి తెస్తా."

"ఉతక్కు. చిరిగిపోతాయి," అంది వెర్లీన్ బామ్మ. "అలాగే తే."

నేను లేచి, నా కంచం తీసుకుని, వాళ్ల నడుమ కుర్చీ ఖాళీ చేశాను.